మోటార్ల పక్కన మిల్లీవోల్టులు కొలవాలంటే: లోడ్‌సెల్‌కు ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ కట్టే పద్ధతి

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలోనో, కారం మిల్లులోనో, పత్తి జిన్నింగ్ మిల్లులోనో తూకం పెట్టినప్పుడు వచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే. మోటార్లు ఆగి ఉంటే రీడింగ్ కదలకుండా నిలబడుతుంది, కన్వేయర్ స్టార్ట్ చేయగానే అంకెలు ఎగురుతాయి. ఒక్కోసారి ఎగరవు కూడా. ఉన్నట్టుండి అరకిలో పక్కకు జరిగి అక్కడే కూర్చుంటాయి. ఈ రెండో రకమే ఎక్కువ ప్రమాదం. అంకె నిలకడగా కనిపిస్తుంది కాబట్టి అది తప్పని ఎవరికీ అనుమానం రాదు.

ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళదాం. మిర్చి టిక్కీలు (బస్తాలు) తూచే ప్లాట్‌ఫామ్. దాని కింద 200 కిలోల సింగిల్ పాయింట్ లోడ్‌సెల్ (బరువును చిన్న వోల్టేజిగా మార్చే సెన్సర్) ఒకటి, లోపల 350 ఓమ్‌ల బ్రిడ్జి (నాలుగు రెసిస్టర్ల అమరిక), ఇచ్చిన వోల్టుకు 2 మిల్లీవోల్టుల సెన్సిటివిటీ. పక్కనే వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్) మీద నడిచే కన్వేయర్ మోటార్. ప్యానెల్ 15 మీటర్ల దూరంలో. టిక్కీ 40–50 కిలోలే కదా, 100 కిలోల సెల్ చాలదా అని అడుగుతారు. చాలదు. ప్లాట్‌ఫామ్ సొంత బరువు ఉంది, భుజం మీద నుంచి టిక్కీ దించేటప్పుడు పడే దెబ్బ ఉంది, దాని మీదికి మనిషి ఎక్కడమూ ఉంటుంది.

ముందు లెక్క. ఈ సెల్‌కు 5 వోల్టుల ఎక్సైటేషన్ (బ్రిడ్జి నడవడానికి ఇచ్చే వోల్టేజి) ఇస్తే 200 కిలోలకు వచ్చేది 10 మిల్లీవోల్టులు. అంటే కిలోకు 50 మైక్రోవోల్టులు, 100 గ్రాములకు 5. సిగ్నల్ తీగలు రెండూ గ్రౌండ్ మీద 2.5 వోల్టుల ఎత్తులో ఉంటాయి. దానికి తోడు 50 హెర్ట్జ్ హమ్, వీఎఫ్‌డీ స్విచింగ్ చప్పుడు రెండు తీగల మీదా కలిసి ఎక్కుతాయి. అది ఒక వోల్టు దాకా ఉండటం వింతేమీ కాదు. ఆ గోలలో 5 మైక్రోవోల్టుల తేడాను పట్టుకోవాలి.

రెండు తీగల మీద ఉమ్మడిగా ఉన్నదాన్ని వదిలేసి, వాటి మధ్య తేడాను మాత్రం పెంచేదే ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్. ఒక ఆప్-ఆంప్ (మామూలు యాంప్లిఫయర్ చిప్), నాలుగు రెసిస్టర్లతో డిఫరెన్స్ యాంప్లిఫయర్ కట్టుకోవచ్చు కదా అంటే, కట్టుకోవచ్చు. కానీ 1 శాతం రెసిస్టర్లతో 400 గెయిన్‌కు (అంటే 400 ఇంతలు పెంచేలా) కడితే, అవి ప్రతికూలంగా కలిసినప్పుడు కామన్ మోడ్ రిజెక్షన్ (ఉమ్మడి వోల్టేజిని అణచే శక్తి) 80 డీబీ, అంటే పదివేల ఇంతల దగ్గరే ఆగిపోతుంది. ఒక వోల్టు హమ్ 100 మైక్రోవోల్టులై, తూకంలో 2 కిలోలుగా కనిపిస్తుంది. పైగా ఆ సర్క్యూట్‌లో రెండు ఇన్‌పుట్ల ఇంపెడెన్స్ ఒకటి కాదు. ఇన్‌స్ట్రుమెంటేషన్ చిప్‌లో రెసిస్టర్లను ఫ్యాక్టరీలోనే లేజర్‌తో ట్రిమ్ చేస్తారు, ఇన్‌పుట్ ఇంపెడెన్స్ రెండు వైపులా గిగాఓమ్‌లలో ఉంటుంది.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. సెకనుకు పది రీడింగులు చాలు, సెల్ కేబుల్ పొట్టిది, డిజిటల్ అంకె ఒక్కటే కావాలి అనుకుంటే ఈ శ్రమంతా అక్కర్లేదు. హెచ్ఎక్స్711 చిప్ చాలు. అందులో 128 గెయిన్, 24 బిట్ ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చేది) కలిసే ఉంటాయి, సెకనుకు 10 రీడింగుల వేగంలో 50 హెర్ట్జ్‌ను బాగా అణుస్తుంది. దాన్ని వాడినా కింద చెప్పే ఇన్‌పుట్ ఫిల్టర్, షీల్డ్, వెల్డింగ్ జాగ్రత్తలు మాత్రం వదలకండి. కన్వేయర్ మీద కదులుతున్న బస్తాను తూచాలన్నా, అనలాగ్ అవుట్‌పుట్ కావాలన్నా, ఇదే సర్క్యూట్‌తో రేపు థర్మోకపుల్‌నో (వేడికి) కరెంట్ షంట్‌నో (కరెంటుకు) కొలవాలన్నా విడి యాంప్లిఫయర్ చిప్ కావాలి.

ఏ చిప్ తీసుకోవాలి

అందరికీ తెలిసినవి ఏడీ620, ఐఎన్ఏ128. రెండింటికీ పిన్‌లు ఒకటే: 1, 8 మధ్య గెయిన్ రెసిస్టర్, 2 మైనస్ ఇన్‌పుట్, 3 ప్లస్ ఇన్‌పుట్, 4 నెగటివ్ సప్లై, 5 రిఫరెన్స్, 6 అవుట్‌పుట్, 7 పాజిటివ్ సప్లై. ఫీల్డ్‌లో పెట్టే పనికి మా ఓటు ఐఎన్ఏ128కే. దాని ఇన్‌పుట్లు ±40 వోల్టుల వరకు తట్టుకుంటాయి, సప్లై ఆగి ఉన్నప్పుడు కూడా. షెడ్డులో పొరపాటున 24 వోల్టుల తీగ తగిలే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

సప్లై 5 వోల్టులే ఉంటే ఐఎన్ఏ333 మంచిది. ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ సున్నా ఉన్నా కనిపించే తప్పు వోల్టేజి) గరిష్ఠంగా 25 మైక్రోవోల్టులు, ఉష్ణోగ్రతకు దాని జరుగుడు చాలా తక్కువ. అయితే అందులో గెయిన్ సూత్రం వేరు (1 + 100 కిలోఓమ్/ఆర్‌జీ; ఆర్‌జీ అంటే గెయిన్ రెసిస్టర్). ఏడీ8221, ఐఎన్ఏ826 కొనేవాళ్లు మాత్రం డేటాషీట్ తెరిచి పిన్‌లు చూడాలి. వాటిలో గెయిన్ రెసిస్టర్ 2, 3 పిన్‌ల మధ్య ఉంటుంది. ఏడీ620 కోసం చేసిన బోర్డులో వాటిని గుచ్చితే పని చేయవు.

సింగిల్ సప్లై చిప్‌లతో జరిగే పొరపాటు ఒకటుంది. అవుట్‌పుట్ రేంజిలోనే ఉన్నా, లోపలి మొదటి దశ ముందే సాచురేట్ అయిపోతుంది, అంటే సప్లై హద్దుకు తగిలి ఆగిపోతుంది. ఆ దశలో రెండు ఆప్-ఆంప్‌ల అవుట్‌పుట్లు కామన్ మోడ్ వోల్టేజికి అటూ ఇటూ, అవుట్‌పుట్‌లో సగం దూరం వెళతాయి. మన ఉదాహరణలో కామన్ మోడ్ 2.5 వోల్టులు, గరిష్ఠ అవుట్‌పుట్ 4. కాబట్టి ఆ రెండు అవుట్‌పుట్లు 0.5 నుంచి 4.5 దాకా కదులుతాయి. ±12 సప్లైతో దాని గురించి ఆలోచించే పనే లేదు. అందుకే ఈ గైడ్ ±12తో వెళుతోంది.

గెయిన్ మొత్తం మొదటి చిప్‌లోనే

ఏడీ620 ఏ-గ్రేడ్ డేటాషీట్ ప్రకారం కనీస కామన్ మోడ్ రిజెక్షన్ గెయిన్ 1 దగ్గర 73 డీబీ, 100 దగ్గర 110 డీబీ. ఒక వోల్టు హమ్ మొదటి సందర్భంలో 224 మైక్రోవోల్టులు, అంటే నాలుగున్నర కిలోలు. రెండో సందర్భంలో 3 మైక్రోవోల్టులు, 60 గ్రాముల చిల్లర. చిప్ అదే, తేడా గెయిన్‌దే. కాబట్టి ఇక్కడ పదింతలు, తర్వాత ఆప్-ఆంప్‌తో నలభై ఇంతలు అని పంచుకోకూడదు.

10 మిల్లీవోల్టులను 4 వోల్టులు చేయాలంటే గెయిన్ 400. ఏడీ620కి గెయిన్ = 1 + 49.4 కిలోఓమ్/ఆర్‌జీ, ఐఎన్ఏ128కి 1 + 50 కిలోఓమ్/ఆర్‌జీ. 124 ఓమ్‌లు పెడితే మొదటిదానికి 399.4, రెండోదానికి 404.2 వస్తాయి. షాపులో 124 దొరక్కపోతే 120 పెట్టేయండి, ఏడీ620తో 412.7 వస్తుంది. ఆ అంకె కాలిబ్రేషన్‌లో సర్దుకుంటుంది. సర్దుకోనిది వేడికి విలువ మారడం. మామూలు 100 పీపీఎం (డిగ్రీకి పది లక్షల్లో 100 వంతుల మార్పు) రెసిస్టర్ 20 డిగ్రీల తేడాకు 0.2 శాతం మారుతుంది, 50 కిలోల టిక్కీ మీద 100 గ్రాములు. గుంటూరులో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద ఉన్న బాక్సుకూ, తెల్లవారుజామున అదే బాక్సుకూ 20 డిగ్రీల తేడా తేలిగ్గా వస్తుంది. అందుకే 0.1 శాతం, 25 పీపీఎం రెసిస్టర్ తీసుకోండి. చిప్ లోపలి రెసిస్టర్ కూడా మారుతుంది (ఏడీ620కి డిగ్రీకి 50 పీపీఎం వరకు), దాని మీద మనకు అదుపు లేదు. మన చేతిలో ఉన్నదాన్నైనా వదలకూడదు.

ఆర్‌జీ స్థానంలో ప్రీసెట్ మాత్రం పెట్టకండి. కన్వేయర్ అదురుకు వైపర్ కదులుతుంది, తర్వాత ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పుతారు. జీరో, స్పాన్ (పూర్తి బరువు దగ్గరి అంకె) రెండూ సర్దేది సాఫ్ట్‌వేర్‌లోనే.

ఇన్‌పుట్ ఫిల్టర్: అసలు పని ఇక్కడే

అరకిలో పక్కకు జరిగి కూర్చునే జబ్బుకు మందు ఈ ఫిల్టర్‌లో ఉంది. వీఎఫ్‌డీ 2–16 కిలోహెర్ట్జ్‌లో స్విచ్ చేసినా, దాని ఒక్కో అంచు చాలా నిటారుగా ఉండి మెగాహెర్ట్జ్ దాకా చప్పుడు పుట్టిస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీల్లో చిప్‌కు రిజెక్షన్ అంటూ మిగలదు. ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లు దాన్ని డయోడ్ లాగా రెక్టిఫై చేసి డీసీగా మార్చేస్తాయి. ఒకసారి డీసీ అయిపోయాక, అది అసలు బరువో కాదో చెప్పడం వెనక పెట్టే ఏ ఫిల్టర్ తరమూ కాదు, సాఫ్ట్‌వేర్ యావరేజింగ్ తరమూ కాదు. కాబట్టి చిప్‌లోకి వెళ్లక ముందే ఆపాలి.

ఒక్కో సిగ్నల్ తీగకు వరసలో 4.02 కిలోఓమ్‌లు, 1 శాతం. రెసిస్టర్ దాటాక ఒక్కో ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 1 నానోఫారడ్. రెండు ఇన్‌పుట్ల మధ్య 47 నానోఫారడ్. దీనితో తేడా సిగ్నల్‌కు కటాఫ్ (ఫిల్టర్ అణచడం మొదలుపెట్టే ఫ్రీక్వెన్సీ) సుమారు 400 హెర్ట్జ్, ఉమ్మడి సిగ్నల్‌కు సుమారు 40 కిలోహెర్ట్జ్ వస్తాయి.

మధ్యలో ఉన్న 47 నానో ఎందుకో తెలుసుకోకుండా చాలామంది దాన్ని వదిలేస్తారు. గ్రౌండ్‌కు వెళ్లే రెండు కెపాసిటర్లు అచ్చంగా సమానంగా ఎప్పుడూ ఉండవు. 5 శాతం తేడా ఉన్నా రెండు తీగల మీద చప్పుడు వేర్వేరుగా తగ్గుతుంది. ఉమ్మడిగా ఉన్నది తేడాగా మారిపోతుంది, అంటే బరువులా కనిపిస్తుంది. మధ్యలోని పెద్ద కెపాసిటర్ ఆ తేడాను షార్ట్ చేసేస్తుంది. అందుకే అది పక్క వాటికి కనీసం పదింతలు ఉండాలి. గ్రౌండ్ కెపాసిటర్లు సీ0జీ రకం, 5 శాతం లేదా అంతకన్నా మెరుగైనవి తీసుకోండి. ఎక్స్7ఆర్ సెరామిక్‌లు వేడికి మారతాయి, అదురుకు సొంతంగా వోల్టేజి పుట్టిస్తాయి కూడా. 47 నానోకు పాలియెస్టర్ బాక్స్ కెపాసిటర్ చాలు. ఈ అయిదు భాగాలూ చిప్ పిన్‌ల నుంచి ఒక సెంటీమీటరు లోపల, రెండు వైపులా ఒకేలా అమర్చండి. ఒక వైపు ట్రాక్ పొడవు, ఇంకో వైపు పొట్టి అయితే పడ్డ శ్రమంతా పోయినట్టే.

రెసిస్టర్లను ఇంకా పెంచితే ఫిల్టర్ బలపడుతుంది కదా అంటే, ఇన్‌పుట్ల బయాస్ కరెంటుల (చిప్ ఇన్‌పుట్ల గుండా పోయే అతి చిన్న కరెంటుల) మధ్య తేడా ఆ రెసిస్టర్ల మీద ఆఫ్‌సెట్‌గా మారుతుంది. ఏడీ620లో ఆ తేడా గరిష్ఠంగా 1 నానోఆంపియర్, 4 కిలోఓమ్‌లతో 4 మైక్రోవోల్టులు. 40 కిలోఓమ్‌లు పెడితే 40 మైక్రోవోల్టులు, అదీ వేడికి కదులుతూ. కాబట్టి 4 దగ్గర ఆగడమే మంచిది.

థర్మోకపుల్ లాంటి తేలియాడే సెన్సర్‌కు ఈ బోర్డు వాడితే, ఒక్కో ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 1 మెగాఓమ్ కలపాలి. లేకపోతే బయాస్ కరెంటుకు దారి లేక అవుట్‌పుట్ ఒక చివరికి వెళ్లి అతుక్కుపోతుంది. లోడ్‌సెల్ బ్రిడ్జిలోనే ఆ దారి ఉంది, అక్కర్లేదు.

రిఫరెన్స్ పిన్, సప్లై, అవుట్‌పుట్

5వ పిన్‌ను నేరుగా అనలాగ్ గ్రౌండ్‌కు కలపండి. అవుట్‌పుట్ జీరోను పైకి జరపాలని రెండు రెసిస్టర్ల డివైడర్ పెట్టడం తరచూ కనిపించే తప్పు. చిప్ లోపల ట్రిమ్ చేసిన రెసిస్టర్ల సమతూకం దాంతో పోతుంది. ఐఎన్ఏ128లో ఈ పిన్‌కు వరసలో 8 ఓమ్‌లు చేరినా గెయిన్ 1 దగ్గర రిజెక్షన్ 80 డీబీకి పడిపోతుంది. జరపాల్సిందే అయితే డివైడర్ తర్వాత ఆప్-ఆంప్ బఫర్ పెట్టి, దాని అవుట్‌పుట్ ఇవ్వాలి.

సప్లై కోసం ప్యానెల్ 24 వోల్టుల నుంచి 2 వాట్ల ఐసోలేటెడ్ ±15 డీసీ-డీసీ మాడ్యూల్, దాని రెండు అవుట్‌పుట్లకూ 10 మైక్రోహెన్రీ చోక్, 10 మైక్రోఫారడ్, ఆపైన 78ఎల్12, 79ఎల్12. మైనస్ వైపు చిప్ తీసుకునేది ఒక మిల్లీఆంపియర్ చుట్టూనే. లోడ్ అంత తక్కువైతే ఇలాంటి మాడ్యూళ్ల వోల్టేజి పైకి పోతుంది. −15 నుంచి గ్రౌండ్‌కు 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెడితే కుదురుగా ఉంటుంది. చిప్ 4, 7 పిన్‌ల దగ్గర 0.1 మైక్రోఫారడ్ చొప్పున, పిన్‌కు ఆనుకునే.

ఎక్సైటేషన్‌కు ఖరీదైన రిఫరెన్స్ చిప్ అక్కర్లేదు. +12 నుంచి 78ఎల్05 చాలు, సెల్ తీసుకునేది 12–13 మిల్లీఆంపియర్లే. అయితే ఏడీసీ రిఫరెన్స్ పిన్‌కు కూడా ఇదే 5 వోల్టులు వెళ్లాలి. అప్పుడు ఎక్సైటేషన్ 1 శాతం పడితే సిగ్నలూ, కొలబద్దా రెండూ 1 శాతం పడతాయి, రీడింగ్ మారదు. బయటి రిఫరెన్స్ పిన్ ఉన్న 16 బిట్ ఏడీసీ వాడండి, ఒక మెట్టు 4 గ్రాముల లోపు వస్తుంది. ఆర్డుయినో ఊనో లోపలి 10 బిట్ ఏడీసీలో ఒక మెట్టు 244 గ్రాములు, అది ఈ పనికి సరిపోదు. ఏడీఎస్1115కి రిఫరెన్స్ పిన్ లేదు. అది వాడాలంటే ఎక్సైటేషన్‌ను ఇంకో ఛానల్‌లో కొలిచి భాగించాలి.

యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌కు 10 కిలోఓమ్‌లు, 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ పెడితే కటాఫ్ 16 హెర్ట్జ్. ఏడీసీ ఇన్‌పుట్ దగ్గర 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ చెరో షాట్కీ డయోడ్. సెల్ తీగ తెగిన రోజు అవుట్‌పుట్ 10 వోల్టులు దాటినా, 10 కిలోఓమ్‌లు కరెంటును అర మిల్లీఆంపియర్ చుట్టూ ఆపుతాయి. ప్రోగ్రామ్‌లో 2 మిల్లీసెకన్లకు ఒక రీడింగ్ చొప్పున 50 తీసి సగటు వేయండి. 100 మిల్లీసెకన్లు అంటే 50 హెర్ట్జ్‌కు సరిగ్గా అయిదు ఆవృత్తులు, మిగిలిన హమ్ తనంతట తనే కొట్టుకుపోతుంది. 37 రీడింగులో 64 రీడింగులో తీస్తే అలా కొట్టుకుపోదు.

బాక్సు ఎక్కడ పెట్టాలి, తీగ ఎలా లాగాలి

ప్యానెల్ దగ్గర కాదు, ప్లాట్‌ఫామ్ కింద, సెల్ పక్కనే. 0.22 చదరపు మిల్లీమీటర్ల తీగ 15 మీటర్లు వెళ్లి తిరిగి రావడానికి 2.3 ఓమ్‌లు. ఎక్సైటేషన్ తీగల మధ్య 400 ఓమ్‌ల చుట్టూ ఉండే మన సెల్‌కు అది 0.6 శాతం ఎక్సైటేషన్ నష్టం. కాలిబ్రేషన్‌లో పోతుందనుకున్నా, రాగి నిరోధం 20 డిగ్రీలకు 8 శాతం మారుతుంది. పైగా మిల్లీవోల్టు సిగ్నల్ మోటార్ తీగల పక్కన 15 మీటర్లు నడవాలి. యాంప్లిఫయర్, ఏడీసీ, చిన్న మైక్రోకంట్రోలర్ అన్నీ ఒక డై-కాస్ట్ అల్యూమినియం బాక్సులో పెట్టి, ప్యానెల్‌కు ఐసోలేటెడ్ ఆర్ఎస్-485 (దూరం వెళ్లే డిజిటల్ లింక్) మీద అంకెలు పంపడమే తేలిక. పీఎల్‌సీ (ప్యానెల్‌లోని కంట్రోలర్) అనలాగ్ కార్డు మాత్రమే తీసుకుంటుందంటే ఎక్స్‌టీఆర్115 లాంటి చిప్‌తో 4–20 మిల్లీఆంపియర్లుగా పంపండి.

సెల్‌తో వచ్చిన కేబుల్ పొడవైందని కత్తిరించకండి. నాలుగు తీగల సెల్‌ను ఫ్యాక్టరీలో ఆ కేబుల్‌తో కలిపే సరిచేస్తారు. మిగిలింది బాక్సు పక్కన చుట్టి కట్టేయండి. తీగల రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, మల్టీమీటర్‌తో తేల్చుకోండి. 350 చుట్టూ చూపే జత సిగ్నల్, 380–420 చూపేది ఎక్సైటేషన్, మిగిలిన కలయికలన్నీ వాటికన్నా తక్కువ చూపుతాయి.

షీల్డ్‌ను బాక్సు వైపు, కేబుల్ గ్లాండ్ దగ్గరే లోహానికి చుట్టూ ఒత్తుకునేలా కట్టాలి. షీల్డ్ జల్లెడను మెలిపెట్టి తోకలా చేసి పది సెంటీమీటర్లు లోపలికి లాగితే, మెగాహెర్ట్జ్ చప్పుడుకు ఆ తోకే యాంటెన్నా. వీఎఫ్‌డీ నుంచి మోటార్‌కు వెళ్లే కేబుల్ సంగతి వేరు. దానికి షీల్డ్ ఉన్న కేబులే వేసి, రెండు చివర్లా ఎర్త్ చేయాలి. చప్పుడు పుట్టేచోట ఆపడం, వినేచోట ఆపడం కన్నా ఎప్పుడూ చవక. సిగ్నల్ తీగలు మోటార్ తీగలకు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో, దాటాల్సివస్తే అడ్డంగా 90 డిగ్రీల్లో. వీఎఫ్‌డీ క్యారియర్‌ను 16 నుంచి 4 కిలోహెర్ట్జ్‌కు తగ్గిస్తే చప్పుడు బాగా తగ్గుతుంది, బదులుగా మోటార్ కీచుమంటుంది. షెడ్డులో ఆ కీచు ఎవరికీ పట్టదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఫ్రేమ్ చేయించేవాళ్లు సెల్ బిగించాక ‘ఒక్క టాక్ వేసేద్దాం’ అంటారు. ఒప్పుకోవద్దు. వెల్డింగ్ కరెంటు వందల ఆంపియర్లు. ఎర్త్ క్లాంప్ అవతలి వైపు ఉంటే ఆ కరెంటు సెల్ బాడీ గుండా పోతుంది, లోపలి గేజ్‌లు పాడవుతాయి. చచ్చిన సెల్ బయటికి బాగానే కనిపిస్తుంది, జీరో మాత్రం ఎక్కడో ఉంటుంది. వెల్డింగ్ అంతా సెల్ స్థానంలో అంతే కొలతల ఇనుప దిమ్మ పెట్టి పూర్తి చేయించండి. తర్వాత తప్పనిసరైతే సెల్ తీగలు విప్పి, క్లాంప్‌ను వెల్డ్ చేసే ముక్కకే పెట్టించండి. సెల్‌కు అటూ ఇటూ ఉన్న ఫ్రేమ్‌లను అల్లిన రాగి పట్టీతో శాశ్వతంగా కలిపి ఉంచడం మంచి అలవాటు. పట్టీ వదులుగా వేలాడాలి, బిగుతుగా ఉంటే అదే కొంత బరువు మోస్తుంది.

బల్ల మీద పరీక్షలు

చిప్‌లు ఆన్‌లైన్‌లో చవగ్గా కొంటే పేరు మార్చి ముద్రించినవి రావచ్చు. సెల్ తగిలించక ముందే తేల్చుకోవాలి. 124 ఓమ్‌లతో, ఏడీ620 ఏ-గ్రేడ్ అనుకుని:

1. ఇన్‌పుట్లు రెండూ కలిపి గ్రౌండ్‌కు తగిలించండి. అవుట్‌పుట్ ±51 మిల్లీవోల్టుల లోపు ఉండాలి (125 మైక్రోవోల్టులు × 399, దానికి అవుట్‌పుట్ దశ ఆఫ్‌సెట్ 1 మిల్లీవోల్టు కలిపి). ఫిల్టర్ రెసిస్టర్ల గుండా కొలిస్తే ఇంకో ఒకటి రెండు మిల్లీవోల్టులు చూసీచూడనట్టు వదలండి.

2. కలిపిన ఆ జతనే గ్రౌండ్ నుంచి తీసి 5 వోల్టులకు మార్చండి. అవుట్‌పుట్ 7 మిల్లీవోల్టులకు మించి కదలకూడదు. పదులు, వందల్లో కదిలితే చిప్ నకిలీ, లేదా రిఫరెన్స్ పిన్ టంకం సరిగా లేదు. రెండోదే ముందు చూడండి.

3. 5 వోల్టుల నుంచి 100 కిలోఓమ్‌లు, 100 ఓమ్‌ల డివైడర్‌తో 4.995 మిల్లీవోల్టులు తయారు చేసి ప్లస్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి, మైనస్ గ్రౌండ్‌లో ఉంచండి. మొదటి పరీక్షలో వచ్చిన ఆఫ్‌సెట్ తీసేస్తే 1.995 వోల్టుల దగ్గర రావాలి. డివైడర్ రెసిస్టర్లు 1 శాతానివైతే ఫలితంలో 2 శాతం తేడా సహజం.

తర్వాత డమ్మీ బ్రిడ్జి ఒకటి చేసి పెట్టుకోండి. ఎక్సైటేషన్ తీగల మధ్య 180 ఓమ్‌లు రెండు వరసగా, వాటి నడిమి బిందువుకు సిగ్నల్ తీగలు రెండూ. నాలుగు రెసిస్టర్లతో నిజమైన బ్రిడ్జి కడదామనుకుంటే, 1 శాతం తేడాలకే 50 మిల్లీవోల్టులు వచ్చి చిప్ సాచురేట్ అవుతుంది. డమ్మీతో రీడింగ్ ఎంత ఊగుతుందో రాసుకోండి. ఏడీ620 సొంత నాయిస్ 0.1–10 హెర్ట్జ్ మధ్య 0.28 మైక్రోవోల్టులు, తూకంలో 6 గ్రాములు. బల్ల మీద 20 గ్రాముల లోపు ఊగితే సర్క్యూట్ బాగున్నట్టే.

సైటులో ఏది చెడితే ఎలా తెలుస్తుంది

సెల్ తీగలు బోర్డు నుంచి విప్పి, అంతే పొడవు కేబుల్ చివర డమ్మీ తగిలించి కన్వేయర్ స్టార్ట్ చేయండి. రీడింగ్ ఇంకా ఎగిరితే సెల్ నిర్దోషి, తప్పు కేబుల్‌దో గ్రౌండ్‌దో. డమ్మీతో నిలబడి, సెల్‌తో ఎగిరితే అది చాలాసార్లు విద్యుత్ చప్పుడే కాదు. కన్వేయర్ అదురు ఫ్రేమ్ గుండా ప్లాట్‌ఫామ్‌కు వస్తోంది, కింద రబ్బరు మౌంట్లు వేయాలి. ఈ పరీక్ష చేయకుండా ఫెర్రైట్‌లు కొంటూ పోయేవాళ్లు చాలామంది.

మోటార్ స్టార్ట్‌తో రీడింగ్ జరిగి అక్కడే ఆగితే పైన చెప్పిన రెక్టిఫికేషన్. ఇన్‌పుట్ ఫిల్టర్ గ్రౌండ్ బాక్సు లోహానికి పొట్టి దారిలో చేరుతోందో లేదో చూడండి, కేబుల్‌ను ఫెర్రైట్ రింగ్‌లో మూడు చుట్లు తిప్పండి. బాక్సు మీద చెయ్యి వేస్తే అంకె మారితే ఎర్త్ లేదు. మూత పెయింటు వల్ల తగలకపోవడం ఎక్కువగా చూసే కారణం, గీకి బిగించండి. అవుట్‌పుట్ ఒక చివరికి అతుక్కుంటే సిగ్నల్ తీగ తెగింది.

గంటల తరబడి మెల్లగా జరిగే రీడింగ్‌కు తేమే ముఖ్య కారణం, వానాకాలంలో, కోల్డ్ స్టోరేజీ తలుపు దగ్గర మరీ. టెర్మినల్ బ్లాకు మీద తేమ పట్టిన కారం దుమ్ము ఎక్సైటేషన్ ప్లస్‌కూ ఒక సిగ్నల్ తీగకూ మధ్య 10 మెగాఓమ్‌ల లీకేజీ చేసిందనుకోండి. మల్టీమీటర్‌కు అది దాదాపు ఓపెన్. తూకానికి మాత్రం 44 మైక్రోవోల్టులు, 875 గ్రాములు. అందుకని సెల్ తీగలను స్క్రూ టెర్మినల్‌కు కాకుండా బోర్డుకే టంకం వేసి, ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాక కన్ఫార్మల్ కోటింగ్ కొట్టండి. గ్లాండ్‌లు బాక్సు అడుగు వైపు, కేబుల్ లోపలికి వచ్చే ముందు కిందికి ఒక వంపు తిరిగి రావాలి. సిలికా జెల్ సంచి ఒకటి లోపల వేయండి. సెల్ ఇన్సులేషన్ చూడాలంటే తీగలన్నీ బోర్డు నుంచి విప్పి, నాలుగూ కలిపి, బాడీకి మధ్య ఇన్సులేషన్ మీటర్ (మెగ్గర్) 50 వోల్టుల రేంజిలో కొలవండి. 500 వోల్టుల మెగ్గర్ వద్దు. మంచి సెల్ వేల మెగాఓమ్‌లు చూపుతుంది.

బరువు రాళ్లు లేనప్పుడు చెక్ చేయడానికి 100 కిలోఓమ్‌ల 0.1 శాతం రెసిస్టర్ ఒకటి దగ్గర ఉంచుకోండి. మైనస్ సిగ్నల్‌కూ మైనస్ ఎక్సైటేషన్‌కూ మధ్య పెడితే ఈ 350 ఓమ్‌ల సెల్ సుమారు 87 కిలోలు ఎక్కువ చూపాలి. సెల్ లోపలి కాంపెన్సేషన్ రెసిస్టర్ల వల్ల అంకె కొంచెం అటూ ఇటూ ఉంటుంది. రాళ్లతో కాలిబ్రేట్ చేసిన రోజే ఎంత వచ్చిందో బాక్సు మూత లోపల రాసి పెట్టండి, తర్వాత దానితోనే పోల్చాలి.

ఇలా కట్టిన తూకం మిల్లు లోపలి పనికి, బ్యాచ్ కలపడానికి, ప్యాకింగ్ చెక్‌కు. రైతు దగ్గర కొనడానికో, అమ్మడానికో వాడకూడదు. లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 కింద వ్యాపార తూకానికి ధ్రువీకరణ, ముద్ర ఉండాలి. మిర్చి యార్డులో పెట్టే కాటాకు ముద్ర ఉన్న యంత్రమే కొనండి.